గురువారం ప్రాక్సీ

ఆ పిల్లని ఇంట్లో బొంగరం అంటారు. చిన్నప్పుడు తను ఒకచోట కూర్చునేది కాదట, ఇంకొకరిని కూర్చోనిచ్చేదీ కాదట. దేశం కాని దేశం వచ్చాక ఆ పేరు వదిలిపోయిందనే అనుకుంది పాపం. వచ్చిన మూడో రోజే వాళ్ళమ్మ ఫోన్ చేసి, స్పీకర్ ఆన్‌లో ఉందని తెలియక, "ఏమే బొంగరం, అన్నం తిన్నావా?" అని వీధి చివరికి వినబడేలా అరిచింది. పక్కనే చపాతీ పిండి కలుపుతున్న ముగ్గురు ఆడపిల్లలూ పిండి చేతులతోనే పడీ పడీ నవ్వారు. ఇక ఆ ఇంట్లోనూ అదే పేరు ఖాయమైపోయింది.

ఇల్లంటే ఇల్లు కాదు లెండి. రెండు గదులు, నలుగురు మనుషులు, ఒక బాత్రూం. బాత్రూం తలుపు మీద ఎవరు ఎన్నింటికి వెళ్ళాలో రాసి అంటించిన కాగితం ఉండేది. బొంగరం టైము ఆరూ పదికి. పావుతక్కువ ఏడుకి బయటికి రాకపోతే అవతలి గది పిల్ల తలుపు మీద దరువేసేది. వంట వంతులవారీగా. బొంగరం వంతు వచ్చిన రోజు పప్పు మాడడం కూడా వంతులవారీగానే జరిగేది. కాలేజీకి రెండు బస్సులు మారాలి. క్లాసులో పాఠం చెప్పేవాళ్ళ మాట సగం అర్థమయ్యేది, మిగతా సగం అర్థమైనట్టు తలూపేది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, "అంతా బాగుందమ్మా, అందరూ మంచోళ్ళే" అనేది. అలా చెప్పి ఫోన్ పెట్టేసి, బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి ఏడ్చేది.

ఒకరోజు అలా ఏడుస్తుంటే తలుపు అవతలి నుంచి పెద్దక్క గొంతు వినబడింది.

"కుళాయి కట్టేసి ఏడువమ్మా, బిల్లు మనమే కట్టాలి."

బొంగరం ఏడుస్తూనే నవ్వేసింది. తలుపు తీస్తే పెద్దక్క పెరుగన్నం గిన్నెతో నిలబడి ఉంది. ఏం జరిగిందని అడగలేదు. తినమంది, తిన్నాక పడుకోమంది.

పెద్దక్క అంటే బొంగరంతో గది పంచుకున్న మనిషి. ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆవిడకి ముప్పై దాటాయి. పెళ్ళితో ఆగిపోయిన చదువుని మళ్ళీ పట్టుకుందామని, మూడేళ్ళ కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. ఈ చదువు పూర్తయితే ఇక్కడే ఉద్యోగం, ఉద్యోగం వస్తే కూతుర్ని తెచ్చుకోవడం. ఆవిడ లోకమంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. కూతురు రోజూ మన మధ్యాహ్నం వేళకి వీడియో కాల్ చేసి, "అమ్మా, నేను ఎప్పుడు పెద్దవుతా? ఎప్పుడు విమానమెక్కుతా?" అని అడిగేది. "ఇంకొంచెం అన్నం తింటే ఎక్కేస్తావు" అనేది పెద్దక్క.

బొంగరానికి బస్సులో బెల్లు ఎక్కడ నొక్కాలో నేర్పింది ఆవిడే. జ్వరమొస్తే రెండు రోజులు క్లాసు మానేసి పక్కన కూర్చున్నది ఆవిడే. ఇద్దరికీ కలిపి ఒక పెద్ద బాక్సులో అన్నం పెట్టి, కాలేజీ మెట్ల కింద కూర్చోబెట్టి తినిపించేది. అక్కడ నేల తుడిచే ఆవిడ వాళ్ళిద్దరినీ చూసి, "మీరు సొంత అక్కచెల్లెళ్ళా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగింది. కాదని ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి వీళ్ళే ఔనని ఒప్పేసుకున్నారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ కాలేజీలో హాజరు పిలవరు. క్లాసు గుమ్మం పక్కన గోడకి ఒక మిషను ఉంటుంది, కార్డు పెడితే కీచుమంటుంది, అంతే. వందకి ఎనభై క్లాసులకి తగ్గితే కాలేజీవాళ్ళు వీసా ఆఫీసుకి ఉత్తరం రాస్తారు. ఆ ఉత్తరం వెళ్ళిందంటే పెట్టె సర్దుకోవడమే. పెద్దక్క ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఉతికే పనిచేసేది. గురువారం పొద్దున షిఫ్టూ, గురువారం పొద్దున ల్యాబూ ఒకే వేళకి పడ్డాయి. షిఫ్టు మార్చమని లాండ్రీ మేనేజర్ని బతిమాలితే, "గురువారం రాలేకపోతే ఇక ఏ వారమూ రానక్కర్లేదు" అన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు బొంగరమే అంది. "నీ కార్డు నాకివ్వక్కా. నేను కొట్టేస్తా."

ఆ మాట అనడానికి బొంగరానికి క్షణం పట్టలేదు. ఎందుకు పడుతుంది? మన దగ్గర ఇంజనీరింగ్ చదివిన వాళ్ళని అడగండి చెప్తారు, ప్రాక్సీ వెయ్యనివాడు స్నేహితుడే కాదు. బొంగరమైతే అందులో ఆరితేరిన ఘటం. జలుబు గొంతు, నిద్ర గొంతు, కీచు గొంతు, మగగొంతు, నాలుగూ వచ్చు. ఒకే గంటలో అయిదుగురికి "ప్రెజెంట్ సర్" చెప్పి, ఆ సాయంత్రం అయిదుగురి చేతా సమోసాలు తిన్న చరిత్ర ఉంది. అదంతా తప్పని ఎవరూ అనుకోలేదు. సారు కూడా వింటూ విననట్టుండేవాడు. అందుకే మిషన్‌కి రెండు కార్డులు చూపించడం ఆ పిల్లకి మంచినీళ్ళు తాగినంత తేలిక. ఏడు గురువారాలు అలా గడిచిపోయాయి.

ఎనిమిదో వారం నోటీసు బోర్డులో కాగితం పడింది. ఒకరి కార్డు ఇంకొకరు వాడితే ఇద్దర్నీ తీసేస్తామని పెద్ద అక్షరాల్లో రాశారు. పక్క డిపార్టుమెంటులో ఇద్దరు అబ్బాయిల్ని అప్పటికే పంపించేశారన్నారు. అది విన్న దగ్గర్నుంచి బొంగరానికి ముద్ద దిగలేదు. గురువారం పొద్దున్న పెద్దక్క బల్ల మీద కార్డు పెట్టగానే పేలిపోయింది.

"అక్కా, ఇదే ఆఖరుసారి. ఎన్నాళ్ళు మొయ్యాలి నీ కార్డు? నీ కూతురి కోసం నువ్వు తంటాలు పడుతున్నావు, సరే. మరి మా అమ్మ నన్నెందుకు కన్నదనుకున్నావు? నీ బదులు ఇంటికి పోవడానికా?"

అనేశాక నాలుక కరుచుకుంది. పెద్దక్క బూటు లేసు కట్టుకుంటూ ఉంది. తలెత్తలేదు.

"సరేలేవే" అంది. "బాక్సులో అన్నం పెట్టాను, మర్చిపోకుండా తీసుకెళ్ళు."

తలుపు మెల్లిగా వేసుకుని వెళ్ళిపోయింది. గట్టిగా వేసినా బాగుండేది అనుకుంది బొంగరం.

ఆ రోజు ముసురు. క్లాసు గుమ్మం దగ్గర ఒక పొడుగాటి కుర్రాడి వెనక నక్కి, తన కార్డొకటి, పెద్దక్క కార్డొకటి కొట్టింది. రెండుసార్లు కీచుమంది. వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంది. ల్యాబ్ మేడం ఏదో చెప్పడం మొదలుపెట్టి అరగంట అయిందో లేదో, బిల్డింగంతా అదిరేలా అలారం మోగింది. "ఎక్కడి వస్తువులు అక్కడ వదిలేయండి, మెట్ల మీదుగా దిగండి" అంది మేడం. మొదట అందరూ నవ్వుకుంటూనే దిగారు. కింది అంతస్తుకి వచ్చేసరికి కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. అప్పుడు నవ్వులు ఆగిపోయాయి.

ఎదురుగా కార్లు పెట్టుకునే స్థలంలో మూడు క్లాసుల వాళ్ళనీ నిలబెట్టారు. వాన పడుతూనే ఉంది, అందరి తలల మీదా టోపీలే, ఎవరి మొహాలూ కనబడడం లేదు. సెల్లార్‌లో కరెంటు గది ఉంది, అందులో వైర్లు కాలుతున్నాయట. సెల్లార్ కిటికీల్లోంచి నల్లటి పొగ వస్తోంది. ఫైరింజన్ వచ్చింది. దాంట్లోంచి దిగిన ఆఫీసరు నేరుగా మేడం దగ్గరికొచ్చి, "లోపల ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు.

మేడం మిషన్‌లో పడిన పేర్లన్నీ తన ట్యాబులో తెరిచి, ఒక్కొక్కటే పిలవడం మొదలుపెట్టింది. ఆ కాలేజీలో బొంగరం నోటి హాజరు వినడం అదే మొదటిసారి. తన పేరు వచ్చింది. మేడం దాన్ని విరగ్గొట్టి పిలిచింది. బొంగరం పలికింది. ఇంకో ఆరు పేర్ల తర్వాత పెద్దక్క పేరు వచ్చింది.

ఎవరూ పలకలేదు. మేడం తల ఎత్తబోయింది. ఆఫీసరు ఆవిడ వైపే చూస్తున్నాడు.

ఆ క్షణంలో ఏమనుకున్నావు అని తర్వాత చాలామంది అడిగారు ఆ పిల్లని. ఏమీ అనుకోలేదు. అదీ నిజం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, కాలేజీలో వచ్చిన బుద్ధి కూడా అంతే కాబోలు. మనసు కన్నా ముందు నోరు లేచింది. పక్కవాళ్ళ వెనక్కి ఒంగి, జలుబు గొంతు పెట్టి, "ప్రెజెంట్" అంది.

మేడం టిక్కు పెట్టి కింది పేరుకి వెళ్ళిపోయింది. చివరి పేరు కూడా అయ్యాక, "అందరూ వచ్చేశారు" అని ఆఫీసరుతో చెప్పింది. అతను తన మనుషుల వైపు చెయ్యి ఊపాడు. లోపల మనుషులు లేరు, తొందరేం లేదు, ముందు కరెంటు పూర్తిగా తీయించి, పొగ కాస్త పోయాక దిగుదాం అని దాని అర్థం. వాళ్ళు నింపాదిగా గొట్టాలు దించుకుంటున్నారు. బొంగరానికి గుండె కుదుటపడింది. చెప్పడానికే సిగ్గుగా ఉంది గానీ, కాస్త గర్వం కూడా వేసింది. గొంతు ఇంకా పాడవలేదు, పాత పస ఉంది అనుకుంది.

అప్పుడొచ్చింది నేల తుడిచే ఆవిడ. తడిసిన ఏప్రన్ పిండుకుంటూ బొంగరం పక్కన నిలబడి, "మీ అక్క ఏది?" అంది.

"పనికెళ్ళింది" అంది బొంగరం గొంతు తగ్గించి.

"అదేంటి, ఇందాక వచ్చిందిగా! తడిసి ముద్దయి వచ్చింది. లాండ్రీ బట్టలు మార్చుకుని క్లాసుకెళ్తానంటే, సెల్లార్‌లో మా బాత్రూం తాళం నేనే తీసిచ్చా. నువ్వు ఏ గదిలో ఉన్నావో కూడా అడిగింది. తన కార్డేదో నీ దగ్గర ఉందట, తీసుకోవాలంది. నేను పైకెళ్ళిపోయా. నీ దగ్గరికి రాలేదా?"



ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. వినగానే పరిగెత్తింది అని చెప్తే వినడానికి బాగుంటుంది. కానీ పరిగెత్తలేదు. నిలబడింది. వెనక తలుపులోంచి వచ్చేసి ఉంటుందిలే అనుకుంది. ఆ గుంపులో ఎక్కడో ఉండే ఉంటుంది అనుకుంది. నోటీసు బోర్డులో కాగితం కళ్ళ ముందు కనబడింది, విమానాశ్రయంలో పెట్టెతో వాళ్ళమ్మ ముందు తలవంచుకుని నిలబడ్డట్టు కూడా కనబడింది. "అక్కా!" అని ఒకసారి గుంపులోకి పిలిచి చూసింది. ఎవరూ పలకలేదు. ఎంతసేపు నిలబడిందో ఆ పిల్లకే తెలియదు. నిమిషమంటుంది ఒకసారి, రెండు నిమిషాలంటుంది ఒకసారి. సెల్లార్ కిటికీ అద్దం ఒకటి ఠపీమని పగిలింది. అప్పుడు కదిలింది.

"మేడం, లోపల ఒకరున్నారు!"

"అందరూ పలికారుగా" అంది మేడం ట్యాబు చూపిస్తూ.

"లేదు మేడం, ఆవిడ పలకలేదు. ఆవిడ పేరుకి నేను పలికాను."

"నువ్వా? ఎందుకు?"

ఎందుకు! తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు ఏదో ఒకటి చెప్పొచ్చు, కానీ ఉన్నదే చెప్పేసింది. "కార్డు కూడా నేనే కొట్టాను. ఎనిమిది వారాల్నుంచి నేనే కొడుతున్నాను. నన్ను పంపించెయ్యండి, ఏమన్నా చెయ్యండి, ముందు ఆవిణ్ణి బయటికి తియ్యండి మేడం" అని ఆ వానలో ఆవిడ చెయ్యి పట్టుకుని వేళ్ళాడింది. మేడం ఆఫీసరుని కేకేసింది.

ఫైర్ ఆఫీసరు మాత్రం వీసా అడగలేదు, కార్డు అడగలేదు. "ఎక్కడ?" అన్నాడు.

"సెల్లార్‌లో. స్టాఫ్ బాత్రూం. మెట్లు దిగాక ఎడమ వైపు, కరెంటు గది పక్కనే" అంది నేల తుడిచే ఆవిడ.

అంతే, ఇద్దరు మనుషులు మొహాలకి తొడుగులు పెట్టుకుని పొగలోకి దిగిపోయారు. ఆ ముక్క రెండు నిమిషాల ముందు చెప్పి ఉంటే రెండు నిమిషాల ముందే దిగేవాళ్ళు.

వాళ్ళు బయటికి వచ్చేదాకా బొంగరం మొక్కని దేవుడు లేడు. అక్కడే తడి నేల మీద కూలబడి, "నేనన్నాను కాబట్టే వచ్చింది. ఇదే ఆఖరుసారి అన్నాను. ఆఖరుసారి అన్నాను నా నోరు పడిపోను" అని తల బాదుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ మాటలు అర్థం కాలేదు. నేల తుడిచే ఆవిడకీ అర్థం కాలేదు, కానీ పక్కన కూర్చుని బొంగరం వీపు నిమురుతూ ఉండిపోయింది.

పెద్దక్కని మోసుకొచ్చారు. ఒంటి మీద లాండ్రీ బట్టలే ఉన్నాయి, ఒక కాలికి బూటు లేదు. ముక్కు చుట్టూ మసి. అంబులెన్స్ తలుపు దగ్గర ఒకతను బొంగరాన్ని ఆపి, "నువ్వేమవుతావు?" అని అడిగాడు.

"చెల్లెల్ని" అంది.

మూడు రోజులు ఆవిడ కళ్ళు తెరవలేదు. ఆ మూడు రోజులూ అక్కడ కూతురు ఫోన్ చేస్తూనే ఉంది. పెద్దక్క ఫోన్ బొంగరం దగ్గరే ఉండేది. మొదటి రోజు "అమ్మ క్లాసులో ఉందమ్మా" అంది. రెండో రోజూ అదే అంది. మూడో రోజు ఆ పిల్ల, "అమ్మకి క్లాసు ఎప్పుడు అయిపోతుంది పిన్నీ?" అని అడిగితే, సిగ్నల్ లేదని కట్ చేసి, ఆస్పత్రి కారిడార్లో గోడకి తలానించి వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కడ తిప్పడానికి కుళాయి కూడా లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్దక్క కళ్ళు తెరిచింది. గొంతులోకి పొగ పోయింది, మాట రావడానికి నెలలు పడుతుంది, అసలు మునుపటిలా వస్తుందో రాదో చెప్పలేం అన్నారు డాక్టర్లు. గుసగుసలాంటిదే వస్తోంది, చెవి పెట్టి వినాలి. బొంగరం చెవి ఆనించింది.

"నా కార్డు కొట్టావా?" అంది పెద్దక్క.

"కొట్టానక్కా."

"హమ్మయ్య." కాసేపు ఊపిరి తీసుకుంది. "మేనేజరుకి చెప్పేశానే, ఇక గురువారాలు రానని. ఉంచుతాడో తీసేస్తాడో వాడిష్టం. నువ్వు భయపడ్డావు కదా. నేనే వచ్చి కార్డు తీసుకుందామని..."

ఆ మాటకి బొంగరం ఇక ఆగలేకపోయింది. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం చెప్పేసింది. పేర్లు పిలిచారని, ఆవిడ పేరుకి తను పలికానని, తెలిశాక కూడా నిలబడిపోయానని. నిలబడిపోయానన్నది రెండుసార్లు చెప్పింది, మొదటిసారి వినలేదేమోనని. తిడుతుంది, లేకపోతే చెంప మీద ఒక్కటిస్తుంది అని మొహం దగ్గరికి కూడా జరిపింది.



"ఎన్నిసార్లు పిలిచారు నా పేరు?" అంది పెద్దక్క.

"ఒక్కసారే అక్కా."

"నువ్వు పలక్కపోతే రెండోసారి పిలిచేవాళ్ళు కదే" అంది. అందులో కోపం లేదు. తీరిగ్గా ఆలోచించుకుని, ఉన్న మాట చెప్పింది. తర్వాత కళ్ళు మూసుకుని అటు తిరిగి పడుకుంది.

కాలేజీవాళ్ళు నెల తర్వాత ఇద్దర్నీ విచారణకి పిలిచారు. ఏం తేలిందో చెప్పేస్తాను, దాచి ఊరించడం నాకు చేతకాదు. ఇద్దర్నీ తీసేశారు. ప్రాక్సీ గురువారాలన్నీ లెక్కలోంచి తీసేస్తే పెద్దక్క హాజరు గీత కిందికి పడిపోయింది. ఆ ఎనిమిదో గురువారం మటుకు నిజంగా వచ్చింది కదా, అదన్నా లెక్కలోకి తీసుకోండి అని బొంగరం బతిమాలింది. వచ్చింది గానీ క్లాసులోకి రాలేదు కదా అన్నారు. నిజమే మరి. కూతుర్ని విమానమెక్కించి తెచ్చుకుంటానన్న మనిషి, పీలగొంతుతో తనే వెనక్కి విమానమెక్కింది. బొంగరం పక్క సీట్లోనే కూర్చుని వచ్చింది. భోజనం వచ్చినప్పుడు పెద్దక్క తన పెరుగు కప్పు తీసి బొంగరం పళ్ళెంలో పెట్టింది.

కానీ ఆ విచారణ రోజున ఒకటి జరిగింది. పొడుగాటి బల్లకి అవతల ముగ్గురు పెద్దవాళ్ళు, ఇవతల వీళ్ళిద్దరూ. మధ్యలో కూర్చున్న ఆఫీసరమ్మ కాగితంలోకి చూస్తూ, వచ్చినవాళ్ళెవరో రాసుకోవాలి కాబట్టి, ముందు బొంగరం పేరు పిలిచింది. బొంగరం పలికింది. తర్వాత పెద్దక్క పేరు పిలిచింది. పెద్దక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. అంత దూరానికి అది వినబడే గొంతు కాదు. నా బదులు పలకవే అన్నట్టు ఆవిడ మోచేయి వచ్చి బొంగరం డొక్కలో తగిలింది.

బొంగరం పెదాల్ని పళ్ళతో నొక్కిపట్టుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి, అయినా నోరు తెరవలేదు. ఆఫీసరమ్మ కాగితంలోంచి తలెత్తి ఎదురుగా చూసింది, పెద్దక్క పేరు రెండోసారి పిలిచింది.

పెద్దక్క చెయ్యెత్తింది.